మేళాకి వెళ్ళిన కోత పండుగ

ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీవాళ్ళు పోయినవారం ఒక సర్క్యులర్ పంపారు. బాల్కనీ గ్రిల్లుల మీదికి తీగలు పాకించకూడదట. బిల్డింగు అందం చెడుతోందట. ఈ బిల్డింగుని నేను చాలా ఏళ్ళుగా, అన్ని వైపుల నుంచీ, అన్ని ఋతువుల్లోనూ చూస్తున్నాను. చెడటానికి దానికి అందం ఉందన్న సంగతి సర్క్యులర్ వచ్చాకే తెలిసింది. మా ఆవిడ కాకరపాదుకి రెండు పిందెలున్నాయి, అవి ముదిరాక తీసేస్తామని సెక్రటరీకి చెప్పబోయాను. ఆ కుర్రాడు "అంకుల్, రూల్ ఈజ్ రూల్" అని లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

పాదు పీకడానికి కూర్చున్నవాణ్ణి, పీకకుండా మా పిన్నిని తలుచుకుంటూ ఉండిపోయాను. ఆవిడే ఉంటే ఆ సెక్రటరీ మణికట్టు పట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "బాబూ, నీకు రక్తం తక్కువగా ఉంది. కాకరకాయ తిను" అని ఉండేది. అతను తిని ఉండేవాడు కూడా.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నరసాపురం దగ్గరి పల్లెలో పుట్టి, నర్సింగు చదివి, ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ కార్మికుల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, ఆ వెనక క్వార్టర్లలో కాపురం పెట్టింది. పేరు రాయను. రాస్తే, "నా పేరు నీ కాయితంలో ఎందుకురా, పరలోకపు జీవగ్రంథంలో ఉంటే చాల్దా?" అనే మనిషి. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏడాదో ఆపై ఏడాదో, నేను ఎం.ఎ. ముగించి, ఈ దేశాన్ని పరిపాలించే ఉద్దేశంతో ఢిల్లీ వచ్చి, సివిల్స్ పరీక్షలకి చదువుకుంటూ వాళ్ళ ముందుగదిలో మకాం పెట్టాను. తర్వాత దేశం వేరే ఏర్పాట్లు చేసుకుంది.

పిన్ని ఎవరికీ నమస్కారం పెట్టేది కాదు. చెయ్యి పట్టుకునేది, అదీ మణికట్టు దగ్గర. చీరకి పిన్నీసుతో తగిలించుకున్న గడియారం సెలవు రోజున కూడా అక్కడే ఉండేది. కూరగాయల బండి భయ్యా మొదలుకుని పాస్టరుగారి దాకా ఎవరైనా సరే, ముందు నాడి, తర్వాత మాట. "వందనాలమ్మా" అని అయ్యగారు చెయ్యి చాస్తే, "అయ్యగారూ, రాత్రి నిద్ర పోయినట్టు లేదే, మళ్ళీ కాఫీ తాగారా?" అనేది. ఆయన తర్వాత్తర్వాత దూరం నుంచే వందనాలు చెప్పడం నేర్చుకున్నారు.

రెండోది, స్తోత్రం. షటిల్ రైలు వేళకి వస్తే స్తోత్రం. రాకపోతే ఇంకాస్త గట్టిగా స్తోత్రం. ఒకసారి స్టవ్ మీద పాలు పొంగి సగం నేలపాలయితే కూడా స్తోత్రం అంది.

"పాలు పోతే స్తోత్రమేంటి పిన్నీ?" అన్నాను.

"పోయినందుక్కాదురా. మిగిలినందుకు."

నేనూ బాప్తిస్మం తీసుకున్నవాణ్ణే. కాకపోతే ఆ తర్వాత ఎం.ఎ. కూడా చదివాను. కాబట్టి ఈ లెక్క నాకు నచ్చలేదు. పాలు తక్కువైన టీ తాగి ఊరుకున్నాను.

మూడోది, గుళ్ళో నవ్వడం. వాక్యంలో, అంటే బైబిల్లో, ఒకచోట గాడిద నోరు తెరిచి మాట్లాడుతుంది. అయ్యగారు ఆ అధ్యాయం తెరిచారంటే పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. గాడిద ఇంకా రోడ్డెక్కకముందే భుజాలు ఊగడం మొదలయ్యేది. వెనక వరసలో పెద్దలు దగ్గేవాళ్ళు. "దేవుడు నవ్వు రావాలనే కదమ్మా గాడిద చేత మాట్లాడించాడు, లేకపోతే గుర్రం లేదా ఏంటి?" అని వాళ్ళనే అడిగేది.

కానీ వీటన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఆవిడ చేసే సాయంత్రపు ప్రార్థన. అన్నాలయ్యాక చాప మీద అందరం కూర్చునేవాళ్ళం. పిన్ని, బాబాయి, వాళ్ళమ్మాయి, నేను. ఆసుపత్రిలో షిఫ్టు మారేటప్పుడు వెళ్ళే నర్సు వచ్చే నర్సుకి వార్డు అప్పజెపుతుంది, మంచం మంచం దగ్గరా ఆగి, ఎవరికి ఎలా ఉందో చెబుతూ. పిన్ని దేవుడికి ప్రతి సాయంత్రం అదే పని చేసేది.

"ప్రభువా, తలుపు పక్క మంచం అబ్బాయికి జ్వరం దిగింది, స్తోత్రం. కిటికీ దగ్గర తాతకి కట్టు మార్చాం, ఏడ్చాడు, కొంచెం చూసుకో. మా అక్కకొడుకు ఇవాళా చదవలేదు, వాడి సంగతి నీకు తెలుసు. ఈయన ఇవాళ కూడా ఏం మాట్లాడలేదు, ఆరోగ్యంగానే ఉన్నారు. నా డ్యూటీ అయిపోయింది. ఇక నీది. ఆమేన్."

అంతే. దిండు మీద తల పెట్టిన మరుక్షణం నిద్ర. ఊళ్ళో అప్పులు, ఆసుపత్రిలో గొడవలు, వచ్చే ఏడాది ట్రాన్స్‌ఫర్ బెదిరింపు, ఇవేవీ ఆ నిద్రలోకి వచ్చేవి కావు. నాకు ఆ రోజుల్లో నిద్ర పట్టేది కాదు. ఒకసారి అడిగాను, "నీకు దిగులు వెయ్యదా?" అని. "అప్పజెప్పాక కూడా వార్డులో తిరుగుతుంటే వచ్చిన నర్సుకి కోపం రాదూ?" అంది.

బాబాయి ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. మాటలు కూడా ఆయన స్టోర్లోనే ఉండేవి, ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప బయటికి తీసేవాడు కాదు. వాళ్ళమ్మాయి, అంటే నా చెల్లి, మూడో క్లాసు. దానితో తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెప్పేది.

ఇక పిన్ని పండించిన గుమ్మడికాయ సంగతి. మా వైపు సంఘాల్లో కోత పండుగ అని ఒకటి చేస్తారు. పంటలు ఇంటికొచ్చే రోజుల్లో ఒక ఆదివారం, ఎవరి చేలో పండింది వాళ్ళు, తొలి ఫలం తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, అరటిగెల, కొబ్బరికాయలు, ఒక కోడిపుంజు. పుంజు ప్రసంగంలో అక్కడక్కడా కలగజేసుకుంటుంది. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, ఎవరికి కావలసింది వాళ్ళు పాడుకుని ఇంటికి పట్టుకెళతారు.

ఫరీదాబాద్‌లో ఈ పండుగకి ఉన్న చిక్కల్లా, మాలో ఎవరికీ చేను లేకపోవడం. ఒక స్కూలు హాల్లో ఆదివారం పొద్దున కూడే చిన్న సంఘం. సగం మంది నర్సులు, మిగతా సగం నర్సుల భర్తలు. భర్తలందరూ ఫ్యాక్టరీల్లో. చేతికష్టం కూడా పంటే కదా అని అయ్యగారు ఒక ఏడాది ప్రసంగంలో అన్నారు. అనకుండా ఉండాల్సింది. మరుసటి ఏడాది నుంచి బలిపీఠం ముందు హవాయి చెప్పులు, కుళాయిలు, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్లు వెలిశాయి. సంఘపెద్ద ఒకాయన ఏటా ఒక బాల్ బేరింగు తెచ్చేవాడు, పట్టుగుడ్డ మీద పెట్టి. వేలంలో దాన్ని ఎవరూ పాడేవాళ్ళు కాదు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక బాబాయి చెయ్యెత్తేవాడు. అలా మా ఇంట్లో బేరింగులు ఒక వరస చేరాయి. కాయితాలు ఎగరకుండా పెట్టడానికి పనికొచ్చేవి.

పిన్ని మటుకు కూరగాయల మండీలో కాలీఫ్లవర్ కొని తెచ్చి పెట్టేది. పెట్టేటప్పుడు మొహం ఎటో తిప్పుకునేది.

"కొనుక్కొచ్చినదాన్ని నా పంట అని పెడుతున్నాను. పైనున్నాయనకి మండీ సంగతి తెలీదంటావా?" అని నన్నడిగేది. దేవుడి తరఫున జవాబు చెప్పే అర్హత నాకు లేదు కనక ఊరుకునేవాణ్ణి.

అందుకని క్వార్టరు వెనక మంచమంత జాగాలో గుమ్మడి పెట్టింది. విత్తనాలు ఊరినుంచి కవర్లో తెప్పించింది. మొదటేడు పూలు పూసి ఊరుకుంది. రెండో ఏడు పిందెలు వేసి రాల్చేసింది. మూడో ఏడు వానాకాలంలో పాదు పక్కన నిలబడి, మేమందరం వింటూండగా, "ప్రభువా, తొలికాయ నీది. కోత పండుగనాడు తెచ్చి నీ ముందు పెడతాను" అని మొక్కుకుంది. ఒకే ఒక్క పిందె నిలబడింది.

ఆ కాయకి జరిగిన సేవ ఇంకెవరికీ జరిగి ఉండదు. కింద గడ్డి పరుపు, పైన ఎండకి పాత చీర. డ్యూటీకి వెళ్ళేముందొకసారి, వచ్చాకొకసారి చూసేది. సాయంత్రం ప్రార్థనలో కిటికీ పక్క తాత తర్వాత, నాకంటే ముందు, "పెరట్లో పేషెంటు బాగా బలిసింది, స్తోత్రం" అని వచ్చేది. కాయ కూడా ఆ గౌరవానికి తగ్గట్టే పెరిగింది. అక్టోబరు దాటేసరికి మా చెల్లి దాని మీదెక్కి కూర్చోబోయి తన్నులు తింది.

పక్క క్వార్టరులో ఆసుపత్రి డ్రైవరు చౌధరీజీ ఉండేవాడు. బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెటూరివాడు. ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, "అరే సిస్టర్‌జీ! యే కద్దూ హై యా గ్యాస్ కా సిలిండర్?" అన్నాడు. వ్యవసాయ శాఖవాళ్ళు పెట్టే కిసాన్ మేళాలో కూరగాయల పోటీ ఉంటుందనీ, దీన్ని తీసుకెళ్ళి తీరాలనీ పట్టుబట్టాడు.

"నాది కాదు భయ్యా, దేవుడిది. నేనెట్లా పోటీకి పెడతాను?" అంది పిన్ని, హిందీలో.

"దేవుడిదైతే ఇంకా మంచిది. నలుగురూ చూస్తే అరిగిపోతుందా?"

పిన్ని ఆ పూటంతా ఆలోచించింది. సాయంత్రానికి ఆ ఆలోచనకి మంచి పేరు దొరికింది. "సాక్ష్యం కదరా. ఆయనిచ్చింది పదిమంది చూడనీ" అంది. శనివారం పిన్నికి వీక్లీ ఆఫ్, పండుగకని ఆదివారమూ సెలవు పెట్టింది. శనివారం బాబాయికీ సెలవు. ఇద్దరికీ ఒకేరోజు ఖాళీ దొరికి ఎన్నాళ్ళయిందో. చెల్లి రంగులరాట్నం కోసం నెల్లాళ్ళుగా ఏడుస్తోంది. కోత పండుగ మర్నాడు, ఆదివారం పొద్దున. శనివారం చూపించి, సాయంత్రానికి వెనక్కి తెచ్చుకుని, ఆదివారం గుడికి పట్టుకెళ్ళడం. ఇంత చక్కటి ఏర్పాటులో తప్పు పట్టడానికి ఏముంది?

చౌధరీజీ తమ్ముడి ట్రాక్టరు ట్రాలీలో బయలుదేరాం. కాయ నా ఒళ్ళో. ఎం.ఎ. చదివినందుకు నాకు ఎవరైనా అప్పగించిన మొదటి బాధ్యత అదే.

మేళాలో పిన్నిని చూడాలి. గుడికి కట్టుకునే పట్టుచీర కట్టింది, గడియారం తగిలించింది. కాయని కూరగాయల టెంటులో అప్పజెప్పి చేతులు దులుపుకుని, ఇక చిన్నపిల్లయిపోయింది. గేదెల పోటీ దగ్గర ఒకాయన కొమ్ములకి నూనె రాస్తుంటే, "భయ్యా, గేదెకి నాడి ఎక్కడ చూస్తారు?" అని అడిగింది. ఆయన మారుమాటలేకుండా తోక ఎత్తి చూపించాడు. పిన్ని నిజంగానే పట్టుకుని, గడియారం వంక చూసి, "బాగుంది" అంది. ఆయన చాలా సంతోషించాడు. మౌత్ కా కువాఁ అనే చావుబావిలో గోడల మీద మోటారుసైకిలు నడిపేవాణ్ణి చూస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉంది. వాడు బతికి బయటికి రాగానే వెళ్ళి మణికట్టు పట్టుకుంది. "బేటా, ఘర్ మే అమ్మా హై న?" అంది. ఉందన్నాడు. "ఉస్‌కో మత్ దిఖానా" అంది, ఆవిడకి ఇది చూపించకని.

రంగులరాట్నం ఎక్కనని బాబాయి సంచీ పట్టుకుని కింద నిలబడ్డాడు. పిన్ని సంచీ లాక్కుని చౌధరీజీకిచ్చి, ఆయన్ని ఎక్కించింది. పెట్టె పైకి వెళ్ళి ఆగినప్పుడల్లా మేళా అంతా వినిపించేలా "స్తోత్రం!" అని ఒక కేక. బాబాయి కళ్ళు మూసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దిగాక చెల్లి, "పాపా డర్ గయే, పాపా డర్ గయే" అని గంతులేసింది. భయపడలేదని బాబాయి అనలేదు. మేళా మధ్యలో నిలబడి జిలేబీ తింటూ పిన్ని, "పరలోకంలో ఇలాంటివేవో ఉంటాయిరా, ఊరికే తెల్లబట్టలు కట్టుకుని కూర్చోబెట్టడు" అంది.

మధ్యాహ్నం ఫలితాలు చెప్పారు. గుమ్మడికాయల్లో మొదటి బహుమతి తెల్ల తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయనది. ఆ కాయ పక్కన మాది పిల్లలా ఉంది. రెండోది పిన్నిది. కాయకి నీలం రిబ్బను కట్టారు. బహుమతి, పొలానికి మందు కొట్టే పంపు. మంచమంత పొలం ఉన్నవాళ్ళకి ఎంతో అవసరం. పిన్ని చప్పట్లు కొట్టి నవ్వి, అందరికీ వందనాలు చెప్పి, కాయ ఎత్తుకోబోయింది.

"బెహన్‌జీ, బెహన్‌జీ!" అని మెడకి మఫ్లరు చుట్టుకున్న క్లర్కు పరిగెత్తుకొచ్చాడు. బహుమతి వచ్చిన సరుకు రేపు సాయంత్రం దాకా టెంటులోంచి కదలకూడదట. పెద్దాయనెవరో వచ్చి చూస్తారట.

"రేపు పొద్దున మా పండుగ. అప్పటికి ఇది కావాలి" అంది పిన్ని.

"రూల్ తో రూల్ హై, బెహన్‌జీ."

"యే భగవాన్ కా హై, భయ్యా."

క్లర్కు మంచివాడు. కాయవైపు, ఆమెవైపు చూసి కాసేపు ఆలోచించాడు. "తో భగవాన్‌జీ సే కహియే, శామ్ తక్ రుక్ జాయేఁ" అన్నాడు, దేవుణ్ణే సాయంత్రం దాకా ఆగమనమని.

బహుమతి వాపసు ఇచ్చేస్తామని నేనన్నాను. వాపసు తీసుకునే రూలు లేదన్నాడు. చౌధరీజీ తన ఊరి భాషలో ఏదో అన్నాడు. దానికీ రూలు లేదన్నాడు.

తిరుగు దారిలో ఒక రైల్వే ఫాటక్ దగ్గర ట్రాలీ చాలాసేపు ఆగింది, గూడ్సుబండి పోయింది, గేటు లేచింది. స్తోత్రం లేదు. చెల్లి నావైపు చూసి, "మమ్మీ కో క్యా హువా?" అంది గుసగుసగా.

ఇంటికొచ్చాక చెప్పింది. "తప్పు నాదేరా. ఆయనదే అన్నాను. అన్నదాన్ని తీసుకెళ్ళి తిరునాళ్ళలో నిలబెట్టాను. సాక్ష్యం అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకు ఆ రిబ్బను కావాల్సొచ్చింది."

"వచ్చే ఆదివారం ఇద్దువుగాని, పిన్నీ."

"పండుగ రేపు. మూడేళ్ళు అడిగి తీసుకున్నాను. ఇవ్వాల్సిన రోజున చేతులూపుకుంటూ వెళ్ళాలి."

పోనీ మండీలో ఇంకో గుమ్మడికాయ దొరుకుతుందేమో అన్నాను. పిన్ని నావైపు ఒకసారి చూసింది. నేను లేచి కాసేపు వరండాలో నిలబడ్డాను.

సాయంత్రం చాప మీద కూర్చున్నాం. అందరం ఎదురుచూశాం. పిన్ని తల వంచుకుని, "ఇవాళ మీరు చెయ్యండి" అంది బాబాయితో. వార్డు అప్పజెప్పడానికి ఆమెకి మొహం చెల్లలేదన్నమాట. బాబాయి చాలాసేపు ఆలోచించాడు. "ప్రభువా, నీకు తెలుసు. ఆమేన్" అన్నాడు. ఆ రోజు పిన్ని దిండు మీద తల పెట్టింది గానీ, కళ్ళు తెరిచే ఉంది.

మర్నాడు స్కూలు హాలు కళకళలాడుతోంది. బలిపీఠం ముందు కాలీఫ్లవర్లు, ముల్లంగులు, కుళాయిలు, చెప్పులు, పట్టుగుడ్డ మీద బేరింగు. మధ్యలో కాస్త జాగా వదిలారు. గుమ్మడికాయకి. వర్షాకాలం నుంచీ దాని కోసం సంఘమంతా ప్రార్థన చేస్తోంది మరి. పిన్ని ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలేసి, వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.

అయ్యగారు ఢిల్లీ నుంచి బస్సులో వచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఏదమ్మా, మన కాయ ఏది?" అన్నారు.

పిన్ని లేవలేదు. నేను నేలవైపు చూశాను. అప్పుడు బాబాయి లేచి నిలబడ్డాడు. ఆ సంఘంలో ఆయన చెయ్యి ఎత్తడం చూశారు గానీ, గొంతు విన్నవాళ్ళు లేరు.

"కాయ మేళాలో ఉండిపోయిందండి అయ్యగారూ. సాయంత్రం దాకా రానివ్వరంట. అది రాలేదు గానీ, మనం పోవచ్చు కదండీ" అని కూర్చున్నాడు.

ఒక పెద్దాయన, "తిరునాళ్ళలో ఆరాధనేంటండీ" అన్నాడు. అయ్యగారు పిన్ని మొహం చూశారు. మణికట్టు పట్టుకోకుండానే ఆయనకి అర్థమైంది. "కోత పండుగ పంట ఉన్నచోట చేస్తారు. పంట అక్కడుందంటున్నారు" అన్నారు.

"మరి నా బేరింగు?" అన్నాడు సంఘపెద్ద.

"తీసుకురండి."

చెల్లి పరిగెత్తుకెళ్ళి చౌధరీజీని లేపుకొచ్చింది. ట్రాలీ వచ్చింది. పట్టుచీరల్లో నర్సులు, ఒళ్ళో కాలీఫ్లవర్లు, చేతుల్లో కుళాయిలు, ట్రాలీ అంచు పట్టుకుని నిలబడ్డ భర్తలు, ట్రాక్టరు డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద తెల్లటి అంగీతో అయ్యగారు. మథురా రోడ్డు మీద బస్సుల్లో జనం లేచి నిలబడి చూశారు. ట్రాలీ గతుకుల్లో పడ్డప్పుడల్లా పాట ఒక చరణం ముందుకి దూకేది. పిన్ని ఇంకా పాడటం లేదు.

టెంటు దగ్గర మఫ్లరు క్లర్కు మమ్మల్ని చూసి, "యే సబ్ కౌన్ హైఁ?" అన్నాడు, గాభరాగా.

"భజన్ మండలీ" అన్నాడు చౌధరీజీ, ఏమాత్రం తడుముకోకుండా.

క్లర్కు మొహం తేటపడింది. భజన మండలిని ఆపే రూలు లేదు. "ఠీక్ హై, ఛోటా సా కర్ లీజియే" అన్నాడు, చిన్నగా కానివ్వమని.

మొదటి బహుమతి కాయకీ, పక్క బల్ల మీది సొరకాయలకీ మధ్య మా నీలం రిబ్బను కాయ. దాని చుట్టూ మావాళ్ళు తెచ్చినవి పేర్చారు. క్లర్కు బేరింగు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అది ఏ కూరగాయల కిందికి వస్తుందో తెలియక మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెట్టాడు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. తెలుగు పాట, కోత కోసేవాళ్ళు పాడుకునే వరస. రెండో చరణానికి పక్క వేదిక మీద ఖాళీగా కూర్చున్న ఢోలక్ కుర్రాడొకడు వచ్చి నేల మీద చతికిలబడి దరువు అందుకున్నాడు. ఒక్కముక్క అర్థం కాని రైతులు యాభైమందిదాకా చేరి తలలూపారు. వాళ్ళ తలలు మాకంటే సరిగ్గా తాళంలో ఊగాయి.

అయ్యగారు పిన్నివైపు తిరిగి, "నువ్వు ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు.

పిన్ని ముందుకొచ్చి కాయ మీద చెయ్యి వేసింది. నాడి చూస్తున్నట్టే ఉంది.

"ప్రభువా, నిన్న నేను నీకు వార్డు అప్పజెప్పలేదు. సిగ్గేసింది. నీ కాయని నేను షోకుకి తిప్పాను, నీకు తెలుసు. ఇదిగో, ఇక్కడుంది. నేను తేలేకపోయాను. నువ్వే ఇంతదూరం వచ్చావు." కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. ముల్లంగులు, హవాయి చెప్పులు, తలపాగాలు, ఢోలక్, మడ్‌గార్డు మసి అంటిన అయ్యగారి అంగీ. భుజాలు ఊగడం మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. "స్తోత్రం ప్రభువా" అంటూ పకపకా నవ్వేసింది. ముందు చెల్లి నవ్వింది, తర్వాత నర్సులందరూ, తర్వాత ఎందుకో తెలియని యాభైమంది రైతులు. దగ్గే పెద్దాయన కూడా నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చబోయి మానుకున్నాడు. ఆ నవ్వుల్లోనే ఆమె మిగతాది పూర్తిచేసింది. కిటికీ పక్క తాత, తలుపు పక్క అబ్బాయి, నేను, బాబాయి, నిన్నటి గేదె, మోటారుసైకిలు కుర్రాడు. "నా డ్యూటీ అయిపోయింది. ఇక నీది."

నాకు నవ్వు వచ్చింది. ఇంకా ఏదో కూడా వచ్చింది. దాన్ని గురించి నా ఎం.ఎ.లో చెప్పలేదు.

అలవాటు ప్రకారం వేలం మొదలైంది. ఈసారి రైతులూ పాడారు. కుళాయిలు చిటికెలో పోయాయి. చెప్పులు క్లర్కు తీసుకుని అక్కడికక్కడే తొడుక్కున్నాడు. బేరింగు వంతు వచ్చింది. బాబాయి చెయ్యి ఎత్తాడు. వెనకనుంచి ఒక రైతు ఇంకా ఎక్కువ పాడాడు. గడ్డి కోసే మిషనుకి సరిగ్గా అలాంటిదే కావాలట. బాబాయి జీవితంలో మొదటిసారి వేలంలో ఓడిపోయాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అలాగే ఉంచాడు. సంఘపెద్ద కళ్ళు తుడుచుకున్నాడు.

కాయని మటుకు రూలు ప్రకారం సాయంత్రం దాకా కదపకూడదు. కాబట్టి సంఘమంతా ఆ రోజు మేళాలోనే ఉండిపోయింది. పిన్ని అందరినీ వెంటేసుకుని నిన్నటి దారిలోనే తిప్పింది. అయ్యగారు వేదపుస్తకం చంకలో పెట్టుకుని రంగులరాట్నం ఎక్కారు. పైకి వెళ్ళినప్పుడు ఆయన గొంతులోంచి వచ్చిన మాట స్తోత్రమేనని మేమందరం నిర్ణయించుకున్నాం. సాయంత్రం క్లర్కు చెప్పిన పెద్దాయన వచ్చి, టెంటంతా ఒక చుట్టు తిరిగి, పిన్నికి చెయ్యి అందించాడు. పిన్ని దాన్ని ఎక్కడ పట్టుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన కారు కదిలాక క్లర్కే స్వయంగా కాయ ఎత్తి తెచ్చాడు. పిన్ని రిబ్బను విప్పి చెల్లి జడకి కట్టింది. కాయని అయ్యగారి చేతుల్లో పెట్టింది. ఆయన కాస్త వంగిపోయారు. "ఇప్పుడు ఇచ్చేశాను" అంది. అందరం ట్రాలీ ఎక్కాం. పాట మళ్ళీ ఎత్తుకున్నాం, ఈసారి పిన్ని గొంతు అందరికంటే పైన ఉంది.

ట్రాక్టరు స్టార్టయ్యేలోపు తెల్ల తలపాగా ముసలాయన, మొదటి బహుమతి కాయ ఆసామీ, కర్ర ఊనుకుంటూ వచ్చి ట్రాలీ పక్కన నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ తన కాయ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, మా పాట, ప్రార్థన, నవ్వు, వేలం అన్నీ చూశాడాయన. పిన్ని వంగి ఆప్యాయంగా చెయ్యి చాచింది. ఆయన చెయ్యి ఇవ్వలేదు. తన ఊరి భాషలో, ట్రాలీలో అందరికీ వినిపించేలా అడిగాడు:

"బిడ్డా, ఫస్టు వచ్చింది నా కాయ. దానిముందు ఒక్కరూ పాడలేదు. మీ దేవుడికి సెకండు నంబరు చాలా?"